గొర్రెలు నడిచిన గట్టు

కిందటేడు ఏరు గట్టు తెంచుకొని పేటలోకి వచ్చినప్పుడు మస్తాన్ ఇల్లూ మగ్గమూ రెండూ కొట్టుకుపోయాయి. అందుకే కొత్త గట్టు పని పెద్దలను అడిగి మరీ తీసుకున్నాడు. వానలకు ఇంకా నెల రోజులుంది. గట్టు భుజాల ఎత్తు లేచింది. మస్తాన్ కోపం మాత్రం అంతకంటే ఎత్తు లేచింది.

దర్గాలో ఉండే ముసలి ఫకీరు అతని గురువు. ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"బాబా, ఈ జనానికి బుద్ధి లేదు. పొద్దంతా మట్టి పోసి అరచేత్తో నున్నగా మెత్తుతాను. సాయంత్రానికి బట్టల మూటలతో ఒకరు, బర్రెలతో ఒకరు ఎక్కి తొక్కేస్తారు. రెండు కొసలా తుమ్మకంప వేశాను. అయినా గొర్రెల గంగన్న రోజూ తగువుకు వస్తాడు. జుమ్మా రోజు మీరొక్క మాట చెప్పండి."

"ముందు నీ గట్టు చూద్దాం పద" అన్నాడు ఫకీరు.

గట్టు నిజంగా అందంగానే ఉంది. పెళ్లింటి అరుగు కూడా అంత నున్నగా ఉండదు. ఫకీరు కర్రతో కంప పక్కకు నెట్టి ఎక్కాడు. రెండో అడుగుకే కాలు చీలమండ దాకా దిగబడింది. ఆయన కాలు తీసుకోకుండా దాని వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ముసలోణ్ని. బరువు కూడా లేను" అన్నాడు.

తర్వాత కింద పోతున్న గంగన్నను పిలిచాడు. "గంగన్నా, మందను ఇట్లా తోలు."

గంగన్న మస్తాన్ వంక చూశాడు. పది రోజులుగా తిట్లు తిన్నవాడు కదా.

"నిన్నే" అన్నాడు ఫకీరు.

మూడు వందల గొర్రెలు గట్టెక్కాయి. ఒక్కొక్క గిట్ట తన గుండె మీదే పడుతున్నట్టు మస్తాన్ విలవిల్లాడాడు. మంద ఆ కొసకు పోయి మళ్లీ ఈ కొసకు వచ్చేసరికి గట్టు కుంగిపోయింది.

"జానెడు పోయింది బాబా." మస్తాన్ గట్టు పక్కన జాన పెట్టి చూపించాడు.

"ఏరు వచ్చాక పోవాల్సింది. ఇప్పుడే పోయింది" అన్నాడు ఫకీరు. కాలి మట్టి దులుపుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు మస్తాన్ ఆ జానెడూ మళ్లీ పోయించి, గంగన్న కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. గురువారం సంత కూడా గట్టు మీదే పెట్టించాడు. తుమ్మకంప దర్గా పొయ్యిలోకి పోయింది.

ఏరు వచ్చింది. గట్టు అంచుకు రెండు జానల కింద దాకా ఎక్కి, రెండు రోజులు ఉండి, దిగిపోయింది. పేటలో ఒక్క గడపా తడవలేదు. మస్తాన్ అందరి ముందే ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

నీళ్లు ఒకచోట గట్టును కాస్త కోశాయి. అక్కడ కొత్త మట్టి పోశారు. గంగన్న మర్యాద తెలిసినవాడు. పచ్చిమట్టి చూసి మందను కింది దారి పట్టించాడు.

మస్తాన్ గంప కింద పడేసి, పరుగున వెళ్లి మందకు ఎదురు నిలబడ్డాడు.

"కింద ఎందుకు మామా? పైన తోలు."