పేర్రాజు గారి మూడు అల్మరాలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక పడగ్గది ఉండేది. రాజూ లేడు, రాణీ లేదు, వట్టి ఇరుకు పడగ్గది. ఊ కొడుతున్నావా బంగారం?

ఆ గది పేర్రాజుది, ఆయన భార్య మాణిక్యాంబది. పేర్రాజు ఒకరోజు ఖాళీ గదిలో నిలబడి, టేపుతో కొలతలు తీసి, బొమ్మ కూడా తనే గీసి, మూడు పెద్ద చెక్క అల్మరాలు చేయించాడు. కొలతలు తీసేటప్పుడు మంచం సంగతే మర్చిపోయాడు మహానుభావుడు!

ఆ తర్వాత మంచం వచ్చింది. అల్మరా తలుపు తీస్తే మంచానికి కొట్టుకునేది. మంచం ఇవతలికి లాగితే గది తలుపు తెరుచుకునేది కాదు. మాణిక్యాంబ పదకొండేళ్ళు పొట్ట బిగబట్టి, పక్కకి తిరిగి ఆ గదిలో నడిచింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు వాళ్ళమ్మాయి సుభాషిణి నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా చేస్తాం! బాలింతకి మంచం కావాలి, బిడ్డకి ఉయ్యాల కావాలి. ఇంట్లో ఇంకో గది లేదు. "ఏమండీ, ఆ అల్మరాలు తీయించేద్దాం," అంది మాణిక్యాంబ.

"ఆషాఢంలో ఎవరైనా పని పెట్టుకుంటారటే?" అన్నాడు పేర్రాజు. సరేలెమ్మని ఊరుకుంది.

ఆషాఢం పోయింది. అప్పుడు మళ్ళీ అడిగింది. "మూఢం వచ్చింది, తెలీదా?" అన్నాడు.

మూఢమూ పోయింది. మూడోసారి అడిగింది. "కడుపుతో ఉన్న పిల్ల వచ్చే ఇంట్లో మేకు కొట్టకూడదు. పురుడు అత్తారింట్లోనే పోసుకోమను," అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ మాటే పిల్లకి ఫోన్‌లో కూడా చెప్పి, చెప్పులేసుకుని బజారుకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సుభాషిణి ఏడుస్తూ తల్లికి ఫోన్ చేసింది. "అక్కడ నాకు చోటు లేదామ్మా?" అంది.

మాణిక్యాంబ ఏడవలేదు. అల్మరాలు అప్పటికప్పుడే ఊడబీకెయ్యాలన్నంత కోపం వచ్చింది. అయినా మంచి టేకు కదా, తీసేస్తే సామానంతా ఎక్కడ పెట్టాలి అని ఒక్క క్షణం తటపటాయించింది. అసలు లోపల ఏముందో చూద్దామని, గదిలోకి వెళ్ళి మంచాన్ని గది తలుపుకి అడ్డంగా లాగింది.

మొదటి అల్మరాలో ఎవరెవరివో పాత శుభలేఖలు. రెండోదాంట్లో విరిగిన గొడుగులు. మూడోదాంట్లో, చెయ్యి అందని మూల, తన పెళ్ళి పట్టుచీర. పురుగులు కొట్టేసి జల్లెడైపోయింది.

అంతే, ఇక ఆలోచించలేదు. మేకు కొట్టకూడదన్నారు గానీ, మర విప్పకూడదని ఎవరూ అనలేదుగా! కిటికీలో ఉన్న స్క్రూడ్రైవర్ అందుకుని ఒక్కొక్క మరా విప్పింది. ముందు తలుపులు ఊడాయి, తర్వాత అరలు ఊడాయి, ఆ తర్వాత పక్క చెక్కలూ ఊడాయి.

అప్పుడు పేర్రాజు వచ్చాడు. లోపలి చప్పుడు విని తలుపు బాదాడు. "తలుపు తియ్యవే!"

"తియ్యడానికి చోటు లేదండీ," అంది మాణిక్యాంబ.

"అయ్యో, నా అల్మరాలు! బంగారంలాంటి అల్మరాలు!"

"విరిగిన గొడుగులకి చోటుంది, కన్నకూతురికి లేదా?" అని లోపలినుంచి గట్టిగా అరిచింది. ఆఖరి చెక్క ఊడేదాకా ఆవిడ తలుపు తియ్యలేదు.

ఆ తర్వాత సుభాషిణి పుట్టింటికి వచ్చింది. పండులాంటి ఆడపిల్ల పుట్టింది. అదివరకు అల్మరాలున్న గోడ పక్కన ఉయ్యాల హాయిగా ఊగింది.

బారసాలకి చుట్టాలూ పక్కాలూ అందరూ వచ్చారు. పేర్రాజు గుమ్మంలో నిలబడి, "పిల్లకి ఇరుకవుతుందని అల్మరాలు నేనే తీయించేశా," అన్నాడు. విన్నావా, ఎంత ధైర్యమో!

మాణిక్యాంబ ఉయ్యాల ఊపడం ఆపేసింది. "ఆయన తీయించలేదు. నేను తీశాను," అంది. అక్కడున్న అందరికీ వినపడేటట్టు అంది.

కథ కంచికి పోయింది, కోపం నాకే మిగిలింది,
కాళ్ళు చాపుకో బంగారం, మంచం నిండా చోటుంది!