ఉల్లిపాయ ఉడికిందా?

దువార్తెకి మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలని ఉంది. అడ్డం ఒక్కటే. వాళ్ళన్న రూయి.

ఇద్దరిదీ పోర్చుగల్ తీరంలో ఒక చేపలరేవు. తుఫానులో వేటకి వెళ్ళిన తండ్రి శవమై ఒడ్డుకొచ్చాడు. పూడ్చిపెడుతున్నప్పుడు, ఊరంతా చూస్తుండగా, దువార్తె అన్న మీద విరుచుకుపడ్డాడు. "ముసలాణ్ణి ఆ గాలిలో పంపింది నువ్వే, చంపిందీ నువ్వే" అన్నాడు. రూయి మారుమాట చెప్పలేదు. ఆ రోజు నుంచీ తమ్ముడితో అసలు మాటే లేదు.

దువార్తె గురువు ఫాదర్ అన్సెల్మో. రేవు పైన గుట్ట మీద చిన్న ఇంట్లో ఉంటారు, తన వంట తనే వండుకుంటారు. శిష్యుడు మఠం మాట ఎత్తినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు. "ముందు మీ అన్నతో మాట కలుపుకుని రా."

కలుపుకోవాలని దువార్తె తిరగని తిరుగుడు లేదు. ప్రతి ఆదివారం అన్న వలలు బాగుచేసుకునే చోటికి వెళ్ళి నిలబడేవాడు. "అన్నా, అయిందేదో అయింది. నన్ను క్షమించావా?" అని అడిగేవాడు. పుండు మానిందా అని రోజూ గిల్లి చూస్తే అది మానుతుందా! రూయి తలెత్తకుండా ముడులు వేసుకునేవాడు.

చివరికి దువార్తెకి విసుగొచ్చింది.

"ఫాదర్, నేను చేయాల్సిందంతా చేశాను. మా అన్నది రాతి గుండె. ఇంకెంతకాలం ఆగమంటారు?"

"శనివారం మధ్యాహ్నం మీ అన్నని భోజనానికి పిలిచాను. నువ్వొచ్చి వంటకి సాయం చెయ్యి," అన్నారు ఫాదర్.

"నేనుంటానని అన్నకి తెలుసా?"

"అది చెప్పలేదు."

వంట అంటే ఆక్టోపస్. మనకి చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుందేమో గాని అక్కడ అది పండగ వంట. మెత్తగా ఉడికించి, కాల్చిన బంగాళదుంపల్ని పిడికిలితో ఒక్క దెబ్బ వేసి పగలగొట్టి పక్కన పెడతారు. మీద వెల్లుల్లి వేసి కాచిన ఆలివ్ నూనె ధారగా పోస్తారు. కష్టమంతా ఉడికించడంలోనే ఉంది. తక్కువైతే చెప్పు నమిలినట్టు ఉంటుంది, ఎక్కువైతే ముద్దయిపోతుంది.

ఫాదర్ పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టారు. ఆక్టోపస్‌ని తల దగ్గర పట్టుకుని మూడుసార్లు ముంచి ఎత్తారు. కాళ్ళు ముడుచుకున్నాక పూర్తిగా వదిలారు. ఉప్పు వెయ్యలేదు. ఒక ఉల్లిపాయ పొట్టు తీసి, కొయ్యకుండా, అందులోనే పడేసి మూత పెట్టారు.

దువార్తె కాలుగాలిన పిల్లిలా పొయ్యి చుట్టూ తిరిగాడు. మూత తీస్తాడు, ఫోర్కు గుచ్చుతాడు, ఇంకా గట్టిగానే ఉందంటాడు, మూత పెడతాడు. మళ్ళీ తీస్తాడు. కాసేపటికి గుచ్చిన చోటల్లా ఎర్రటి తోలు లేచి నీళ్ళలో తేలసాగింది.

"తోలంతా ఊడగొడతావా ఏంటి?" అన్నారు ఫాదర్.

"మరి ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?"

ఫాదర్ వచ్చి దువార్తె మణికట్టు పట్టుకుని, ఫోర్కుని ఉల్లిపాయ మీదికి జరిపారు.

"దాన్ని గుచ్చకు. దీన్ని చూడు. రెండూ ఒక్క నీళ్ళలోనే ఉన్నాయి. ఇది ఉడికితే అదీ ఉడికినట్టే."

దువార్తె గుచ్చాడు. ఫోర్కు పైపొరలు దాటి ఆగిపోయింది.

"ఇదే ఇంకా ఉడకలేదు ఫాదర్."

"అయితే మూత పెట్టు."

కాసేపటికి రూయి వచ్చాడు. పొయ్యి దగ్గర తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగాడు. వెనక్కి తిరిగేవాడే. కానీ ఫాదర్ కుర్చీ జరిపి చూపించేసరికి, పెద్దాయన మాట తీసెయ్యలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఈ పూట దాటితే అన్న మళ్ళీ చిక్కడని దువార్తెకి తెలుసు.

"అన్నా, నన్ను..." అని మొదలుపెట్టాడు.

"ఉల్లిపాయ చూడు," అన్నారు ఫాదర్, వెల్లుల్లి దంచుకుంటూ.

దువార్తె మూత తీశాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ఫోర్కు ఈసారి లోపలిదాకా దిగింది. నడిమధ్యలో మాత్రం గట్టిగా తగిలింది.

ఫోర్కు బయటికి తియ్యలేదు. మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నువ్వు పంపలేదు," అన్నాడు, గిన్నెలోకే చూస్తూ. "వద్దని నువ్వు పడవ తాడు పట్టుకుని లాగావంట. నాన్నే విదిలించుకుని వెళ్ళాడంట. రేవులో వాళ్ళు ముందే చెప్పారు. ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసన్నా. ఆ రోజు ఊళ్ళో లేకపోయానని నా మీద నాకే కోపం. దాన్ని తెచ్చి నీ నెత్తిన వేశాను."

ఫాదర్ చేతిలో రోకలి ఆగింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. అన్న వెళ్ళిపోతున్నాడనుకున్నాడు దువార్తె. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

అడుగులు పొయ్యి దగ్గరికొచ్చి ఆగాయి. తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి ఒకటి అతని పక్కనుంచి ముందుకొచ్చి మంట తగ్గించింది.

"ఇంత మంట పెడితే తోలు ఊడదా మరి," అన్నాడు రూయి. "మూత పెట్టు. ఇంకాసేపు ఉండనీ."

ఫాదర్ అన్సెల్మో మళ్ళీ వెల్లుల్లి దంచడం మొదలుపెట్టారు.