ఏరు లేని పడవ

గోదావరి గట్టు మీది ఆశ్రమంలో ఓబులమ్మ ముప్పై దాటాక అక్షరాలు దిద్దింది. పుట్టి పెరిగింది వాన పడని సీమలో. ఏటిని చూడటమే అక్కడికి వచ్చినప్పుడు మొదటిసారి. చదవడం వచ్చాక ఆశ్రమంలో ఉన్న ఒక పాత నవల పట్టుకుంది. వరదలో చిక్కుకున్న పడవవాళ్ళ కథ అది.

సాయంత్రాలు ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినడం అక్కడి అలవాటు. తన వంతు వచ్చిన రోజు ఓబులమ్మ 'చుక్కాని' అన్న మాట దగ్గర ఆగింది. అది ఆకాశంలో ఏ చుక్క అని అడిగింది. అందరూ నవ్వారు. పడవను తిప్పేదాన్ని చుక్కాని అంటారని చెప్పి, పెద్ద శిష్యుడు విరూపాక్షుడు ఆమె చేతిలోని నవల తీసేసుకున్నాడు. ముందు పిల్లల కథలు చదువుకోమన్నాడు.

ఓబులమ్మ లేచి వెళ్ళి నవల వెనక్కి లాక్కుంది.

"చదివితే ఇదే చదువుతా."

గురువు సదాశివస్వామి పీట మీద నుంచి ఇదంతా చూశాడు. కొన్నాళ్ళకు ఆమెను పిలిచి కొన్ని కాగితాలు చేతికిచ్చాడు. ఆమె కష్టపడకూడదని, ఆ నవల మొదటి ప్రకరణాన్ని తానే తేలిక మాటల్లో తిరగరాశాడు.

స్వామి స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. ఓబులమ్మ ఆ పొయ్యి పక్కనే కూర్చుని, వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివింది. కాగితాలు మడిచి, ఎదురుగా నిలబడ్డ స్వామి వైపు చాచింది.

"ఇందులో పడవ ఉంది స్వామీ. ఏరు లేదు. నాకొద్దు."

పక్కనే ఉన్న విరూపాక్షుడు చప్పున తలెత్తాడు. గురువు రాసినదాన్ని వద్దన్నవాళ్ళు అంతవరకూ ఆ ఆశ్రమంలో లేరు.

"తెలియని మాటలు ఇంకా వస్తాయి. ఏం చేస్తావు?" అన్నాడు స్వామి.

"అడుగుతా. నవ్వేవాళ్ళను నవ్వనీ. ఆగను మాత్రం."

స్వామి కాగితాలు అందుకుని ఒకసారి చూసుకున్నాడు. వంగి, వాటిని పొయ్యిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఆయన తన పీట మీద కూర్చోలేదు. వచ్చి శిష్యుల మధ్య చాప మీద కూర్చుని, ఓబులమ్మను చదవమన్నాడు.

కథలో గాలి లేచింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. దామాను కోసెయ్యమని పడవవాడు పెళ్ళాం మీద అరిచాడు. ఓబులమ్మ ఆగింది.

"దామాను అంటే ఏంది స్వామీ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. విరూపాక్షుడు తల వంచుకున్నాడు.

"నాకూ తెలియదమ్మా," అన్నాడు స్వామి. "పడవ మునిగేట్టుంది. చదువు."