తొమ్మిది ముడుల తోరం

ముక్కామల సత్యనాథం గారు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవారు కారు. అడిగినవాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తమకు జరిగిన సంగతేదో చెప్పేవారు. విదేశంలో ఒక గుడికి అర్చకుడిగా వెళ్లబోతున్న విశ్వేశం, సెలవు తీసుకోవడానికి వచ్చి ఇలా అడిగాడు: "గురువుగారూ, అక్కడివాళ్లు ప్రతిదానికీ ఎందుకని అడుగుతారట. నాకు తెలియనిది అడిగితే ఏం చెయ్యను? తెలియదంటే మన ధర్మం పలచనైపోదా?"

గురువుగారు చెప్పిన సంగతి ఇది.

వయసులో ఉండగా ఆయన జర్మనీలో ఓడలు బాగుచేసే చోట మూడేళ్లు పనిచేశారు. భార్య మాణిక్యాంబకు అక్కడి భాష రాదు. శ్రావణ శుక్రవారం ఆమె వరలక్ష్మీవ్రతం చేసుకుంటూ, పక్కింటి హిల్డా అనే పెద్దావిడను పేరంటానికి పిలిచింది. ఇద్దరి మధ్యా మాటలు చేరవేసేది ఈయనే. అయితే బుద్ధెరిగాక ఆయన ఆ వ్రతకథ ఒక్కసారైనా పూర్తిగా విన్నది లేదు. ఇంట్లో ఆడవాళ్లు అక్షతలు పట్టుకుని కూర్చుంటే, ఆయన అరుగు మీద పేపరు చదువుకునేవారు.

మాణిక్యాంబ చేతి తోరం చూసి హిల్డా, "ఈ ముడులెందుకు?" అని అడిగింది. భార్యను అడిగి చెబితే సరిపోయేది. తన పండుగ తనకే తెలియదని బయటపడటం ఆయనకు నామోషీ అనిపించింది. "రోగాలు పోవడానికి. తనంతట తాను తెగేదాకా తియ్యకూడదు," అనేశారు. హిల్డా ఒక్క క్షణం ఆలోచించి, తన చెల్లెలికి ఒకటి ఇస్తారా అంది. మాణిక్యాంబ సంతోషంగా ఇచ్చింది.

కార్తీకం వెళ్లాక తెలిసింది, ఆ చెల్లెలు మంచానపడి ఏడాది దాటిందని. దంపతులిద్దరూ చూడబోయారు. ఆమె చెయ్యి నీరు పట్టి ఉబ్బిపోయింది. నల్లబడిన తోరం మణికట్టులోకి కోసుకుపోయి, చుట్టూ పుండు పడింది. నర్సు కత్తెర తెచ్చినప్పుడల్లా చెయ్యి దుప్పటి కిందకు లాక్కుంటోందట. "తెంపితే జబ్బు నాలోనే ఉండిపోతుంది కదా?" అని ఆమె ఈయన వైపు చూసింది.

"ఏమంటోందండీ?" అంది మాణిక్యాంబ.

నేల చూస్తూ, ఆనాడు తానన్న మాట భార్యకు చెప్పారు. ఆమె చప్పున ఈయన వైపు తిరిగింది.

"పూజయ్యాక మనమే విప్పేసుకుంటాం కదండీ! రోగం మాటెక్కడిది అందులో? కల్పించి చెప్పానని మీ నోటితోనే చెప్పండి వాళ్లకి."

చెప్పారు. హిల్డా ముఖంలోకి చూడలేకపోయారు. మాణిక్యాంబ కాస్త నూనె అడిగి తీసుకుని, దారాన్ని నానబెట్టి, గోటితో మెల్లమెల్లగా విప్పింది. విప్పిన తోరాన్ని ఆ రోగి అరచేతిలోనే ఉంచి, ఒక్కో ముడి మీద వేలు పెట్టి దాని పేరు చెప్పింది. కమల, రమ, లోకమాత... అలా తొమ్మిదో ముడి హరివల్లభ దాకా. ఒక్కో పేరుకూ అర్థం భార్యను అడిగి, ఆయన వాళ్ల భాషలో చెప్పారు. తన ఇంటి పండుగను ఆయన నేర్చుకున్నది అక్కడ, ఆ మంచం పక్కన. పుండు మానింది. ఆ చెల్లెలు మాత్రం మరుసటి వేసవి చూడలేదు.

విశ్వేశం తల వంచుకుని విన్నాడు. చివరికి ఉండబట్టలేక, "మరి మన గురించి వాళ్లేమనుకున్నారండీ?" అన్నాడు.

"ఆ చెయ్యి చూశాక," అన్నారు గురువుగారు, "ఆ సంగతి నాకు గుర్తే రాలేదు నాయనా."