లేని చేతి నొప్పి

దేహం వేరు, మనసు వేరు అనే వాదంలో భిక్షువు రేవతుడి మీద నెగ్గినవాడు కృష్ణ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ విహారంలో ఒక్కడూ లేడు. అలాంటి రేవతుడికి నాకడితో చిక్కొచ్చి పడింది.

నాకడు రాతిపనివాడు. స్తూపానికి పలక ఎత్తుతుంటే జారి, అతని కుడిచెయ్యి నలిగిపోయింది. వైద్యుడు మోచేతి దాకా తీసేశాడు. గాయం మానింది. కేకలు మానలేదు.

"వేళ్లు బిగుసుకుపోయాయి అయ్యా. గోళ్లు అరచేతిలోకి దిగిపోతున్నాయి" అని ఏడ్చేవాడు.

గురువు నందిసేనుడు వేరే విహారానికి వెళ్లాడు. నాకడిని చూసుకునే పని రేవతుడిదే.

"లేని చేతికి నొప్పేమిటి? చెయ్యి దేహం, అది పోయింది. ఇదంతా నీ మనసు కల్పన. వదిలెయ్" అన్నాడు.

నాకడు వదలలేకపోయాడు. పది రోజులకి రేవతుడికి విసుగొచ్చింది. "విహారం అన్నం మరిగి నాటకమాడుతున్నావు" అని నలుగురి ముందూ అనేశాడు.

ఆ రోజు నుంచి నాకడు అరవలేదు. నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకున్నాడు. వాదం గెలిచాననుకున్నాడు రేవతుడు.

మూడోనాటి పొద్దున నందిసేనుడు తిరిగొచ్చాడు. నాకడి భార్య మూలసిరి ఎదురెళ్లి ఏదో చెప్పింది. ఆయన కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి నాకడి పక్కన కూర్చున్నాడు. నోట్లోంచి గుడ్డ తీశాడు.

"ఏ వేలు నాయనా?"

"చిటికెన వేలు."

తెగిన మోచేతికి కింద, ఖాళీ గాలిలో, ఆయన రెండు చేతులూ పట్టాడు.

"మెల్లిగా తెరుస్తున్నాను. చూస్తూ ఉండు."

చాలాసేపు పట్టింది. తర్వాత ఉంగరపు వేలు. మధ్యవేలు. చూపుడువేలు. బొటనవేలి దగ్గరకొచ్చేసరికి నాకడి భుజం వదులైంది. గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయాడు. మూలసిరి కొంగుతో నోరు మూసుకుని బయటికి వెళ్లిపోయింది.

రేవతుడు ఉండబట్టలేకపోయాడు. "అక్కడ చెయ్యి లేదు భదంతా."

"లేదు."

"మరి మీరు పట్టుకున్నదేమిటి?"

నందిసేనుడు ఆ గుడ్డని అతని చేతిలో పెట్టాడు. పళ్లు దిగిన చోటల్లా చిరిగి ఉంది. ఇంకా తడిగా, ఎర్రగా ఉంది.

"ఇన్ని రోజులూ నువ్వు చూసుకున్నదేమిటి?"

సాయంత్రం రేవతుడు గంజి పట్టుకుని వెళ్లాడు. మేలుకుని ఉన్న నాకడు గుమ్మంలో అతన్ని చూడగానే ఉలిక్కిపడి, లేని చేతిని వీపు వెనక దాచుకున్నాడు.