ఎవరి కట్ట పెద్దది

తన శిష్యుల్లో ఫలానావాడు మేలు, ఫలానావాడు తక్కువ అని వామనశాస్త్రిగారు ఏనాడూ అనేవారు కారు. తానే మేలనుకునే కేశవుడికి ఇది మింగుడు పడలేదు.

"స్వామీ, ఎవరు ముందో ఎవరు వెనకో నలుగురిలో చెబితే, వెనకబడ్డవాడు పౌరుషానికైనా చదువుతాడు గదా?" అని అడిగాడు.

"రేపటి సంతర్పణకు విస్తళ్ళు కుడుతున్నారు. అక్కడికి వెళ్ళి చెప్పి చూడు" అన్నారు గురువుగారు.

కుట్టేవాళ్ళు నాగరత్నమ్మ, ఆమె తోడికోడలు చిట్టెమ్మ. ఎప్పుడూ మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవారు. చూపు చురుకైన చిట్టెమ్మ చిరుగులేని మోదుగాకులు ఏరి, తనకు కొన్ని ఉంచుకుని అక్కకు కొన్ని అందించేది. ఊళ్ళో కబుర్లన్నీ ఈనెపుల్లలతోపాటే గుచ్చేసేవారు.

కేశవుడు కాసేపు చూసి, "నాగరత్నమ్మగారి కట్టే పెద్దది! చిట్టెమ్మగారూ, మీరు వెనకబడ్డారు" అన్నాడు. చిట్టెమ్మ నవ్వేసింది. మరోసారి అనేసరికి నవ్వలేదు. పక్కకు తిరిగి, మంచి ఆకులన్నీ తన ఒళ్ళోకి లాక్కుంది. నాగరత్నమ్మ మిగిలిన చిరిగిన ఆకులతోనే, కుట్లు దూరం చేసి వేగం పెంచింది. అది చూసి చిట్టెమ్మా అదే దారి పట్టింది. మాటలు ఆగిపోయాయి. సాయంత్రానికి రెండు కట్టలూ నడుమెత్తు లేచాయి. కేశవుడు పొంగిపోయాడు.

మర్నాడు గురువుగారు అతణ్ణి అతిథుల సరసన కూర్చోబెట్టారు. ఏడాదికొక్కసారి పెట్టే భోజనమది, పొరుగూళ్ళ పెద్దలంతా వచ్చారు. పులుసు వడ్డించారో లేదో, పంక్తి పంక్తంతా కంగారుగా లేచి నిలబడింది. పులుసు విస్తట్లో కంటే ఒళ్ళోనే ఎక్కువుంది. కేశవుడి పంచెకు దక్కిన వాటా కూడా తక్కువేం కాదు.

నాగరత్నమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా చేతి విస్తరి ఏనాడైనా కారిందటే?" అంది.

"మంచాకులు నేనే దాచుకున్నానక్కా. దాచుకుని నేను మాత్రం ఏం నిలబెట్టాను!" అంది చిట్టెమ్మ.

ఇద్దరూ అక్కడే చతికిలబడి, ఆకులు మళ్ళీ ముందేసుకున్నారు. కాసేపటికి నవ్వులు కూడా వినబడ్డాయి. ఈసారి పులుసు నిలిచింది. ఆలస్యమైనా అందరూ తృప్తిగా తిన్నారు.

కేశవుడు గురువుగారి దగ్గరకు వచ్చి, "ఇంత చేయి తిరిగినవాళ్ళు నిన్న విస్తళ్ళు అలా కుట్టారేమిటి స్వామీ?" అన్నాడు.

"నిన్న వాళ్ళు కుట్టింది విస్తళ్ళు కాదు నాయనా, కట్టలు" అన్నారు గురువుగారు. "వెళ్ళు, పంచె మార్చుకురా."