రెండో గేరు

మదనపల్లెలో ఒక కళ్ళద్దాల షాపులో పనిచేసే హేమాద్రికి, ఏ పని చెడినా చేతిలో ఉన్న వస్తువును తిట్టే అలవాటు ఉండేది.

క్యారమ్స్‌లో ఓడితే స్ట్రైకర్ బాగాలేదనేవాడు. క్రికెట్‌లో అవుటైతే బ్యాటు బరువెక్కువ అనేవాడు. ఇంటర్వ్యూకు ఆలస్యంగా పోయినరోజు కూడా ఇంట్లో గోడ గడియారాన్నే తిట్టాడు. అందరికీ చూపు సరిచేసి పంపే షాపులో ఉండి, తన తప్పు మాత్రం తనకు ఎప్పుడూ కనిపించేది కాదు.

అతనికి ఒక నూరు సీసీ బండి ఉండేది. డిగ్రీ అయిపోయిన ఏడాది కొన్నది. క్లచ్ అంటే ఏంటో, గేరు అంటే ఏంటో దాని మీదే నేర్చుకున్నాడు. నేర్పింది వాళ్ళ మామ. ఆయన ఒకటే పాఠం చెప్పాడు. "తొందరగా టాప్ గేరులో వేసెయ్. దిగుడు వస్తే ఇంజను ఆపెయ్. పెట్రోలు మిగుల్తాది." హేమాద్రి ఆ పాఠాన్ని తూచా తప్పకుండా పాటించేవాడు. బండి కదిలి పది అడుగులు పోకముందే నాలుగో గేరులో ఉండేది. "నా బండి లీటరుకు డెబ్బై ఐదు ఇస్తాది" అని టీ కొట్టుల్లో గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ గర్వం వారానికి ఆరు రోజులే. ఏడో రోజు ఆదివారం.

ఆదివారం పొద్దున్నే హేమాద్రి, అతని స్నేహితులు సాదిక్, భార్గవ్ ముగ్గురూ హార్స్‌లీ హిల్స్‌కు పోయేవాళ్ళు. వాళ్ళకు ఒక నియమం ఉండేది. కొండమీద రెడ్డెమ్మ టీ బంకు దగ్గరికి చివరగా వచ్చినవాడు మిగతావాళ్ళకు టీలు తెచ్చి చేతికి ఇవ్వాలి, తాగాక గ్లాసులు కూడా కడగాలి. రెండేళ్ళుగా ఆ గ్లాసులు కడుగుతున్నది హేమాద్రి ఒక్కడే.

"ఏం గ్లాసుల సారూ, ఈ రోజు కూడా నీదేనా డ్యూటీ?" అని భార్గవ్ ప్రతి వారం అడిగేవాడు.

"నన్నేం చేయమంటావు రా? ఎక్కుడు వస్తే చాలు, ఈ బండి ముసలోడి మాదిరి దగ్గుతాది" అని హేమాద్రి ప్రతి వారం చెప్పేవాడు.

ఒక ఆదివారం భార్గవ్ ఎగతాళి చేయలేదు. మామూలుగానే చెప్పాడు. అది ఇంకా గట్టిగా తగిలింది.

"వచ్చే నెల గండికోటకు పోతాండాం. పది మంది వస్తారు. అందరివీ మంచి బండ్లే. నీ నూరు సీసీతో అంత దూరం కష్టం హేమాద్రీ. అందరూ నీకోసం ఆగి ఆగి పోవాల. ఈసారికి నువ్వు ఉండిపో, ఏం అనుకోవద్దు."

హేమాద్రి గ్లాసు కడుగుతూ తల ఊపాడు. కిందికి దిగేటప్పుడు అలవాటుగా ఇంజను ఆపేసి, ఆ నిశ్శబ్దంలోనే నిర్ణయం తీసుకున్నాడు. బండి మార్చేయాలి.

షోరూములో ఒక ఎర్ర బండి ఉంది. నూట అరవై సీసీ. కోడెదూడ మాదిరి ముందుకు వంగి నిలబడి ఉంది. హేమాద్రి దాని మీద కూర్చుని అద్దంలో చూసుకున్నాడు. తనే వేరే మనిషిలా కనిపించాడు. పాత బండిని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తానన్నాడు. "సోమవారం రండి సార్, పాతది మాకిచ్చేసి కొత్తది తోలుకుపోదురు" అన్నాడు షోరూం అబ్బాయి.

ఆ సంగతి విని సాదిక్ నవ్వాడు. సాదిక్ దగ్గర ఉన్నది అచ్చం అదే మోడల్ బండి, నీలం రంగుది.

"అయితే ఒక పని చేద్దాం. ఈ ఆదివారం నువ్వు నా బండి తీసుకో, నీది నాకియ్యి. ఒక్కసారి కొండ ఎక్కి చూడు. బట్ట కొనేముందు పట్టి చూసుకోమా?"

"చూసేదేముంది? ఆదివారం గ్లాసులు కడిగేది నువ్వే" అన్నాడు హేమాద్రి.

ఆదివారం తెల్లారింది. ఊరి బయట చదును రోడ్డు మీద నీలం బండి బాణంలా పోయింది. హేమాద్రి మనసు గాల్లో తేలింది. వెనక అద్దంలో తన పాత బండి చుక్కంత అయిపోయింది. "చెప్పలేదా? తప్పంతా దానిదే" అనుకున్నాడు.

కొండ మొదలైంది. హేమాద్రి అలవాటు ప్రకారం గబగబా గేర్లు వేసి ఐదో గేరులో పెట్టాడు. మొదటి వంపు ఎలాగో దాటింది. రెండో వంపులో బండి వణికింది. మూడో వంపు బాగా ఇరుకు, బాగా ఎక్కుడు. సగం తిరిగాక కంగారుగా గేరు దించబోయాడు. ఆలోపే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బండి వెనక్కి జారబోతే రెండు కాళ్ళూ నేలకు తన్ని పట్టుకున్నాడు.

"తమ్ముడూ, జరుగు! పాలు పోతాండాయి!"

వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు. చుడీదార్ మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని టీ బంకు రెడ్డెమ్మ వచ్చింది. ఆమెదీ నూరు సీసీ బండే. హేమాద్రి బండికన్నా పదేళ్ళు పాతది. వెనక పెద్ద పాల క్యాను కట్టి ఉంది. ఆమె అతని పక్క నుంచి వంపు తిరిగి, ఒకే స్వరం పట్టుకున్న నాదస్వరంలా బండిని మోగించుకుంటూ పైకి పోయింది.

హేమాద్రి ఇంకా కిక్కు కొడుతూనే ఉన్నాడు. అంతలో ఇంకో బండి చప్పుడు. తన బండే. దాని మీద సాదిక్. చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు. తన పాత బండి వెనక లైటు వంపులో మాయమవుతుంటే హేమాద్రి నోరు తెరుచుకుని చూశాడు. అది దగ్గడం లేదు. ముసలోడిలా మూలగడం లేదు. అసలు అది తన బండేనా అనిపించింది.

బంకు దగ్గరికి అందరికన్నా చివర వచ్చాడు. అంతసేపు ఆగలేక అప్పటికే టీ తాగేసిన భార్గవ్, ఖాళీ గ్లాసులు వరసగా పేర్చి పెట్టి ఉన్నాడు.

హేమాద్రి హెల్మెట్ తీస్తూ, "ఈ బండి కూడా..." అని మొదలుపెట్టాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"ఆ, చెప్పు" అన్నాడు భార్గవ్. "ఇది కూడా ముసలోడేనా? కొని ఆరు నెల్లు కాలేదు రా!"

బంకు దగ్గర ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. సాదిక్ మాత్రం నవ్వలేదు. తల దించుకుని తన గ్లాసులో మిగిలిన టీ తాగాడు.

హేమాద్రి గ్లాసులు తీసుకుని బంకు వెనక కుళాయి దగ్గరికి పోయాడు. రెడ్డెమ్మ అక్కడే క్యాను దించుతూ ఉంది.

"అక్కా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పు. తప్పు ఎక్కడుంది?"

రెడ్డెమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "కోపం తెచ్చుకోవు గదా?"

"లేదు."

"రెండేండ్లుగా నీ బండి చప్పుడు వింటాండా నాయనా. మెట్లెక్కేవాడి నోరు, ముక్కు మూసినట్టు ఉంటాది. ఎక్కుడులో నాలుగో గేరు ఏంది? దానికి తిండి పెట్టకుండా పరిగెత్తమంటే ఎట్ల పరిగెత్తాది? ఈ పొద్దు ఆ కొత్త బండికీ అదే గతి పట్టించినావు."

హేమాద్రి చెవులు ఎర్రబడ్డాయి. మామ చెప్పిన పాఠం, డెబ్బై ఐదు మైలేజీ, రెండేళ్ళ గ్లాసులు అన్నీ కళ్ళముందు తిరిగాయి. తిట్టడానికి చుట్టూ చూశాడు. అక్కడ కుళాయి తప్ప ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి నోరు వేరేగా తిరిగింది.

"నేర్పిస్తావా అక్కా?"

"నేనేం టీచరమ్మనా? పొద్దున ఆరింటికి కింద పల్లెలో పాలు పోయించుకుని వస్తా. నా వెనకాలే రా. నేను ఏం చేస్తే అది చెయ్యి."

మరుసటి రోజు సోమవారం. హేమాద్రి షోరూముకు ఫోన్ చేశాడు.

"సార్, బండి కడిగి రెడీ చేసినాం. ఎన్నింటికి వస్తారు?"

"కొన్నాళ్ళు ఆపండి" అన్నాడు హేమాద్రి. "పాతది ఇంకా నాకు తోలడం రాలేదు."

షోరూం అబ్బాయి "సరే సార్" అని పెట్టేశాడు. పిచ్చోడని అనుకుని ఉంటాడు.

ఆ నెలంతా ఆదివారాలు స్నేహితులతో పోవడం మానేసి, వారానికి మూడు పొద్దులు, షాపు తెరిచేలోపు హేమాద్రి కొండెక్కి దిగాడు. రెడ్డెమ్మ పాఠాలు మామ పాఠానికి తలకిందులు.

"వంపులో దూరినాక గేరు దించితే ఏం లాభం? అప్పటికే దాని ఊపిరి పోయింటాది. వంపుకు ముందే దించు. రెండో గేరులో పో. సిగ్గేం లేదు."

"దిగేటప్పుడు ఇంజను ఆపేది మానెయ్. ఆపితే నిన్ను పట్టుకునేది ఒక్క బ్రేకే. గేరులో ఉంటే ఇంజనే నీ నడుం పట్టుకుంటాది."

వారం తర్వాత ఆమె పాల క్యాను హేమాద్రి బండికి కట్టింది. మూత బిగించలేదు. ఊరికే పెట్టింది.

"ఇదేందక్కా, ఒలికిపోతాది!"

"నా బండి మీద పన్నెండేండ్లుగా ఒలకలేదు. వంపు కొట్టేటప్పుడు దబుక్కున బ్రేకు తొక్కితే ఒలుకుతాది. కుదుపుగా క్లచ్ వదిలితే ఒలుకుతాది. పాలు చెప్తాయి, నీకు తోలడం వచ్చిందా లేదా అని."

మొదటి రోజు క్యాను దాదాపు సగం ఖాళీ అయింది. అతని ప్యాంటు, సైలెన్సరు, చెప్పులు అన్నీ పాలే. కాలిన పాల వాసన వేసుకుని షాపుకు పోతే ఓనరు "పెళ్ళి వంట దగ్గర్నుంచి వస్తాండావా?" అని అడిగాడు. ఒలికిన పాలకు బదులుగా ఆ రోజు హేమాద్రి తన ఇష్టంతోనే బంకులో గ్లాసులన్నీ కడిగి వచ్చాడు. తర్వాత రోజు కొంచెం తక్కువ ఒలికింది. ఆ తర్వాత ఇంకా తక్కువ. మైలేజీ యాభై ఐదుకు పడిపోయింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాలుగో వారం ఒక పొద్దున పైకి వచ్చి బండి ఆపాడు. రెడ్డెమ్మ క్యాను చుట్టూ వేలితో తడిమింది. మూత తీసి లోపల చూసింది. వేలు పొడిగానే ఉంది.

"ఊ" అంది. అంతే. కానీ ఆ రోజు మొదటి టీ అతనికే పోసింది.

గండికోట ప్రయాణానికి ముందు ఆదివారం వచ్చింది. ముగ్గురూ కొండ కిందికి చేరారు. హేమాద్రి పాత బండి మీదే రావడం చూసి భార్గవ్ ఆశ్చర్యపోయాడు.

"ఎర్ర బండి ఏమైంది రా?"

"ఉంది షోరూములో. పద."

చదునులో భార్గవ్, సాదిక్ ముందుకు దూసుకుపోయారు. హేమాద్రి పరిగెత్తలేదు. కొండ మొదలవగానే గేరు దించాడు. బండి గొంతు మారింది. మొదటి వంపుకు ముందే దించాడు, కళ్ళు వంపు చివర పెట్టాడు, నిదానంగా తిరిగి, తిరగ్గానే యాక్సిలరేటర్ ఇచ్చాడు. బండి కింద నుంచి ఎవరో చెయ్యి పెట్టి తోసినట్టు పైకి పోయింది. మూడో వంపులో భార్గవ్ కనిపించాడు. భార్గవ్ ప్రతి వంపు దాకా ఉరికి, దబుక్కున బ్రేకు తొక్కి, మళ్ళీ మొదటినుంచీ ఊపు తెచ్చుకుంటున్నాడు. ఐదో వంపులో హేమాద్రి అతని వెనకున్నాడు. ఏడో వంపు దాటాక కాస్త చదునుగా, వెడల్పుగా ఉన్న చోట హారన్ కొట్టి పక్కనుంచి పోయాడు. వెనక క్యాను లేదు. ఉన్నట్టే తోలాడు.

సాదిక్ మొదట వచ్చాడు. హేమాద్రి రెండోవాడు. బండి ఆపి దిగి చూస్తే, ఇంజను వేడికి టిక్కు టిక్కుమంటోంది. హేమాద్రి జేబులోంచి కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, ట్యాంకు మీద దుమ్ము తుడిచాడు. నాలుగేళ్ళలో దాన్ని ఎన్ని మాటలన్నాడో గుర్తొచ్చి, ఆ గుడ్డతో ఇంకోసారి తుడిచాడు.

భార్గవ్ వచ్చాడు. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ అన్నాడు.

"ఈ రోజెందుకో నా బండికి పికప్పే లేదబ్బా..."

సాదిక్, రెడ్డెమ్మ ఒకేసారి హేమాద్రి వైపు చూశారు. రెండేళ్ళ ఎగతాళి తిరిగి ఇచ్చేయడానికి అంతకన్నా మంచి సమయం రాదు. హేమాద్రికి ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా, కానీ అనలేదు.

"నీ బండి బంగారం రా. దాన్ని ఏమనొద్దు" అన్నాడు. "రేపు పొద్దున ఆరింటికి రా. రెడ్డెమ్మక్క పాలు తీసుకుని వస్తాది. ప్యాంటు మాత్రం పాతది వేసుకో."

భార్గవ్ గ్లాసులు అందుకున్నాడు. కుళాయి దగ్గర్నుంచే అరిచాడు. "రేయ్ హేమాద్రీ! గండికోటకు ఘాట్ రోడ్డులో ముందు నువ్వు పో. మేము నీ వెనక వస్తాం."

అప్పుడే ఫోన్ మోగింది. షోరూం అబ్బాయి. "సార్, ఎర్ర బండి ఇంకా ఉంది. మీ కోసమే పెట్టినాం. ఏం చేద్దామంటారు?"

హేమాద్రి ఎండలో మెరుస్తున్న పాత బండి వైపు చూశాడు. అద్దంలో తన ముఖం కనిపించింది. వేరే మనిషిలా లేదు. తనలాగే ఉన్నాడు, కానీ తల పైకెత్తి ఉన్నాడు.

"వేరేవాళ్ళకు ఇచ్చేయండి" అన్నాడు. "ఏదో ఒకరోజు తప్పకుండా వస్తా. ఇది నాకు నేర్పేది అంతా అయిపోయినాక వస్తా."

ఆ తర్వాతి ఆదివారం గండికోట దారిలో పది పెద్ద బండ్లకు ముందు ఒక నూరు సీసీ బండి, ప్రతి వంపుకు ముందే గేరు దించుకుంటూ పోయింది.

నీతి: చేతిలో ఉన్నదాన్ని వాడటం నేర్చుకోకుండా కొత్తది కొన్నవాడి వెంట పాత తప్పు కూడా వెనక సీటులో కూర్చుని వస్తుంది; అందుకే బండిని మార్చేముందు దాన్ని తోలే చేతిని మార్చుకోవాలి.